తైవాన్ మాజీ డిజిటల్ మంత్రి పద్ధతిలో స్టేషన్ ఆటోల తగువు తేల్చడం ఎలా

శ్రీకాకుళం టౌన్లోకి రైలు రాదు. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు, ఉన్నది మాత్రం ఆమదాలవలసలో, టౌనుకు సుమారు 13 కిలోమీటర్ల దూరాన. దిగినవాళ్లకు అక్కడి నుంచి బస్సో ఆటోనో తప్పదు. పగలైతే ఎలాగో గడిచిపోతుంది. రాత్రి బండి దిగి, చంటిపిల్లతో, రెండు సంచులతో బయటికి వచ్చినప్పుడు ‘ఎంత?’ అన్న మాట దగ్గర తగువు మొదలవుతుంది. ప్రయాణికుడు పగటి ఛార్జీ లెక్క వేస్తాడు. డ్రైవరు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రావాలన్న లెక్క వేస్తాడు. రెండు లెక్కలూ తప్పు కావు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక, రాత్రి కిరాయిలు డ్రైవర్లకు ఇంకా ముఖ్యమయ్యాయని కూడా అనుకోవచ్చు.

ఇద్దరి మాటా నిజమైన తగువు సభ పెడితే తేలదు. గొంతు పెద్దదైనవాడి మాటే నిలబడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఇంకా అన్యాయం: నలుగురు తిట్టుకుంటారు, నాలుగు వందల మంది చూస్తూ ఊరుకుంటారు, ఆ నాలుగు వందల మంది ఏమనుకుంటున్నారో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఇలాంటి తగువే 2015లో తైవాన్‌లో వచ్చింది, ఉబర్ కార్లకూ టాక్సీలకూ మధ్య. అక్కడ దాన్ని తేల్చిన పద్ధతికి పెద్ద ఇంజినీర్లు అక్కర్లేదు. ఆరుగురు మనుషులు, ఒక ఫోను, ఒక కట్ట కాగితాలు ఉంటే ఇక్కడా నడుస్తుంది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాం. స్టేషన్ ఆటోలు ఉదాహరణ మాత్రమే. విజయనగరంలో ఒక జంక్షన్ దగ్గర తోపుడు బళ్ల విషయానికైనా, ఊరి చెరువు గట్టు విషయానికైనా క్రమం ఇదే.

పద్ధతి వెనక ఉన్న మనిషి

ఆడ్రీ టాంగ్ 1981లో తైపేలో పుట్టారు. పుట్టుకతోనే గుండె జబ్బు, 12 ఏళ్లకు ఆపరేషన్. 8 ఏళ్ల వయసులోనే ప్రోగ్రామింగ్ మొదలుపెట్టి, 14 ఏళ్లకు బడి మానేసి, సొంతంగా చదువుకున్నారు. పెర్ల్ అనే కంప్యూటర్ భాష కోసం పనిచేసే ప్రపంచవ్యాప్త స్వచ్ఛంద ప్రోగ్రామర్లలో పేరు తెచ్చుకున్నారు. 33 ఏళ్లకే సంపాదన పని చాలనుకున్నారు. 2016 అక్టోబరులో, 35 ఏళ్ల వయసులో, తైవాన్ మంత్రివర్గంలో చేరారు. 2022 ఆగస్టులో అక్కడ డిజిటల్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏర్పడితే దానికి మొదటి మంత్రి టాంగే. 2024 మే దాకా ఆ పదవిలో ఉన్నారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి. తనను ఏ సర్వనామంతో పిలిచినా సమ్మతమే అంటారు.

ఈ జీవితంలో మన పనికి పనికొచ్చేవి మూడు ఘట్టాలు. మొదటిది గవ్‌జీరో. 2012లో మొదలైన ఈ స్వచ్ఛంద బృందం ప్రభుత్వ సైట్లు సరిగా లేవని ధర్నా చేయలేదు. అదే సమాచారంతో మెరుగైన సైటు తామే కట్టి చూపించేది. ప్రభుత్వ సైటు చిరునామాలో ‘ఓ’ అక్షరం ఉన్నచోట సున్నా కొడితే వీళ్ల సైటు తెరుచుకునేది. రెండోది 2014 మార్చిలో వచ్చిన పొద్దుతిరుగుడు పువ్వు ఉద్యమం. చైనాతో వాణిజ్య ఒప్పందాన్ని చర్చ లేకుండా నెగ్గిస్తున్నారని విద్యార్థులు చట్టసభలోకి వెళ్లి మూడు వారాలకు పైగా అక్కడే కూర్చున్నారు. టాంగ్, గవ్‌జీరో మిత్రులు వాళ్లకు ఇంటర్నెట్ కేబుళ్లు లాగారు, లోపల జరుగుతున్నదంతా బయట అందరూ చూసేలా ప్రత్యక్ష ప్రసారం నడిపారు. అదే ఏడాది చివర్లో ఒక మంత్రి గవ్‌జీరో సమావేశానికి స్వయంగా వచ్చి, కొత్త చట్టాల మీద జనం మాట వినే వేదిక కట్టమని అడిగారు. అలా వీతైవాన్ పుట్టింది.

మూడోది పదవి తీసుకునేటప్పుడు పెట్టిన షరతులు: ఎక్కడి నుంచైనా పనిచేస్తాను, ఆజ్ఞలు తీసుకోను, ఇవ్వను, నేను నడిపే ప్రతి సమావేశంలోనూ మాట్లాడిందంతా రాసి జనానికి చూపిస్తాను. మన గైడుకు ప్రాణం ఈ చివరి షరతులో ఉంది.

ఒకటి: ఎవరి తలుపు తట్టాలో ముందే తేల్చుకోండి

చాలా మంచి ప్రయత్నాలు ఇక్కడే పాడవుతాయి. జనాన్ని పోగు చేసి, అభిప్రాయాలు తీసి, చివరికి ఆ కాగితం ఎవరికివ్వాలో తెలియక నిలబడతారు. ఆటోల విషయంలో తలుపులు మూడు. ఛార్జీల గురించి ఆదేశించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానిది. జిల్లాలో మనకు కనిపించే ముఖం రవాణా శాఖ. ఆటోలు ఎక్కడ ఆగాలన్నది 117వ సెక్షన్ కిందికి వస్తుంది. స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలి, అంటే మునిసిపాలిటీ కూడా కూర్చోవాలి. స్టేషన్ ఆవరణలో గేటు లోపలి జాగా రైల్వేది. బోర్డు గేటు లోపల పెట్టాలా బయట పెట్టాలా అన్న చిన్న తేడాతో కాగితం వెళ్లాల్సిన ఆఫీసే మారిపోతుంది.

తర్వాత ఆ ముగ్గురిలో కనీసం ఒకరి నుంచి రాతలో ఒక మాట తీసుకోండి: ‘మీరు పట్టుకొచ్చే ఉమ్మడి అంశాలను మా సమావేశం ఎజెండాలో పెడతాం, ఒప్పుకోలేని వాటికి కారణం రాసిస్తాం’ అని. చేస్తామన్న హామీ అడగొద్దు, ఎవరూ ఇవ్వరు. వింటామన్న హామీ, జవాబిస్తామన్న హామీ చాలు. తైవాన్‌లోనూ వీతైవాన్‌కు చట్టబద్ధమైన బలం లేదు. అక్కడి జాయిన్ అనే ప్రభుత్వ వేదికలో కూడా 60 రోజుల్లో 5,000 మంది సంతకం పెడితే సంబంధిత శాఖ జవాబివ్వాలన్నదే నియమం, అడిగింది చేసి తీరాలని కాదు. ఈ మాట తీసుకోవడానికి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టడం సులువైన దారి. అర్జీ నంబరు చేతికొస్తుంది, తర్వాత ప్రతి ఉత్తరం మీదా ఆ నంబరు రాయవచ్చు.

ఈ మాట దొరక్కపోతే పని మొదలుపెట్టకండి. ఒకసారి జనం వచ్చి చెప్పి, ఏమీ జరగలేదని చూస్తే రెండోసారి పిలిచినా రారు.

రెండు: ప్రశ్న, విత్తు వాక్యాలు

ఉబర్ చర్చలో వాడిన సాధనం పేరు పోలిస్. అమెరికాలోని సియాటిల్‌లో పుట్టింది, సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంది, సైటులో ఖాతా తెరిచి ఉచితంగా వాడుకోవచ్చు. పనితీరు ఇంతే: తెర మీద ఒకసారికి ఒక వాక్యం వస్తుంది. ఔను, కాదు, చెప్పలేను, ఈ మూడిట్లో ఒకటి నొక్కాలి. ఇంకో వాక్యం వస్తుంది. కావాలంటే మీ సొంత వాక్యం ఒకటి చేర్చవచ్చు, అది మిగతావాళ్ల ముందుకు వెళుతుంది. ఎవరి వాక్యానికీ జవాబు రాయడానికి చోటుండదు. ఆ చోటు కావాలనే పెట్టలేదు. జవాబు రాసే వీలు లేకపోతే వాదన పెరగదు, మనిషి మీద కోపం రాదు. ఒప్పుకోనివాడు తనకు నచ్చేలా ఇంకో వాక్యం రాసుకోవాల్సిందే. తగువు కాస్తా వాక్యాల వెతుకులాటగా మారుతుంది.

ప్రశ్న విశాలంగా, ఎవరి పక్షమూ కాకుండా ఉండాలి. ‘ఆటో దోపిడీని ఎలా ఆపాలి?’ అంటే డ్రైవర్లు ఆ పేజీ తెరవరు. ‘రాత్రి రైలు దిగినవాళ్లు ఇంటికి చేరడం అందరికీ గిట్టుబాటుగా ఎలా ఉంటుంది?’ అంటే రెండు పక్షాలూ కూర్చుంటాయి.

మొదట మీరే 10 నుంచి 15 వాక్యాలు వేయాలి. ఖాళీ పొలంలో ఎవరూ కోత కొయ్యరు. అందులో మూడో వంతు డ్రైవర్ల నోటి మాటలు, మూడో వంతు ప్రయాణికులవి, మిగతావి రెండు పక్షాలూ తలూపగలిగేవి. ఇలా:

రాత్రి 10 దాటాక పగటి కంటే ఎక్కువ తీసుకోవడం న్యాయమే.
రాత్రి ఛార్జీ ఎంతో స్టేషన్ బయట బోర్డు మీద రాసి ఉండాలి.
తిరుగు ప్రయాణం ఖాళీగా వస్తే డ్రైవరుకు నష్టమే.
ముందొచ్చిన ఆటో ముందు కదిలే వరస పద్ధతి నాకు ఇష్టం.
ఒంటరిగా ఎక్కిన ఆడమనిషి ఆటో నంబరు ఎక్కడో ఒకచోట నమోదు కావాలి.
రాత్రి బస్సు ఉంటే నేను ఆటో ఎక్కను.

వాక్యం రాయడంలో మూడు నియమాలు. ఒక వాక్యంలో ఒకటే విషయం: ‘ఎక్కువ తీసుకోకూడదు, బోర్డు కూడా పెట్టాలి’ అని రాస్తే ఒకటి ఒప్పుకుని ఇంకొకటి ఒప్పుకోనివాడు ఏది నొక్కాలి? రెండు, వ్యతిరేకార్థం తగ్గించండి. ‘ఛార్జీ పెంచకూడదు’ అన్న వాక్యానికి ‘కాదు’ నొక్కితే పెంచమనా, వద్దనా అని సగం మంది ఆగిపోతారు. మూడోది తెలుగుకే ఉన్న చిక్కు. పోలిస్ వాక్యానికి 140 అక్షరాల హద్దు పెడుతుంది, కానీ కంప్యూటరు గుణింతాలను, ఒత్తులను, సున్నాను విడివిడిగా లెక్కిస్తుంది. ‘శ్రీకాకుళం’ మన నోటికి నాలుగక్షరాలు, దానికి పది. కాబట్టి మీ చేతిలో ఉన్నది దాదాపు పదిహేను మాటలే. ‘శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషన్’ అని ప్రతి వాక్యంలో రాసుకుంటూ పోతే ఆ చోటంతా పేరే తినేస్తుంది, ‘స్టేషన్’ చాలు.

సెట్టింగుల్లో కొత్త వాక్యాలు మీరు చూశాకే బయటికి వెళ్లేలా పెట్టుకోండి. ఆపాల్సినవి మూడు రకాలే: ఒక మనిషి పేరు పెట్టి తిట్టినవి, ముందే ఉన్నదాన్ని మాట మార్చి రాసినవి, విషయానికి సంబంధం లేనివి. మీకు నచ్చనిది ఆపితే పని మొత్తం చెడినట్టే. రోజుకు కనీసం రెండుసార్లు చూసి వదలండి. ఉదయం రాసినవాడి వాక్యం సాయంత్రానికి కనిపించకపోతే నొక్కేశారనే అనుకుంటాడు.

మూడు: ఫోను లేనివాళ్లను చేర్చే కాగితం పద్ధతి

తైవాన్‌లో ఇంటర్నెట్ దాదాపు అందరికీ ఉన్నా, వాళ్లు ఇంటర్నెట్‌నే నమ్ముకోలేదు. కోవిడ్ రోజుల్లో 1922 అనే ఫోన్ నంబరుకు ఎవరైనా కాల్ చేయవచ్చు. 2020 ఏప్రిల్లో ఒక పిల్లాడికి గులాబీ రంగు మాస్కులు వచ్చాయి, బడిలో ఏడిపిస్తారని వాడు బెంగపడుతున్నాడని ఆ నంబరుకు ఫోను వస్తే, తర్వాతి పత్రికా సమావేశానికి ఆరోగ్య మంత్రి, అధికారులు అందరూ గులాబీ మాస్కులు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క ఫోను కాల్ కూడా లోపలికి చేరే దారి ఉండాలన్నది అక్కడి పట్టుదల.

ఇక్కడ అలాంటి దారి కాగితం. ఒక ఏ4 కాగితం మీద 12 వాక్యాలు, పెద్ద అక్షరాల్లో, ప్రతిదాని పక్కన మూడు గడులు: ఔను, కాదు, చెప్పలేను. అడుగున సొంత మాట రాయడానికి రెండు గీతలు. పేరు అడగవద్దు, పైన ఒక నంబరు, ‘ఆటో నడుపుతాను / ఎక్కుతాను / దగ్గర్లో కొట్టు ఉంది’ అన్న మూడు గుర్తులు చాలు. అరవై మందికి అరవై కాగితాలు, ఇరవై అదనం. వాక్యాల వరస మార్చి మూడు రకాలు అచ్చు వేయించండి. అందరికీ ఒకే వరస ఉంటే మొదటి వాక్యం ఊపులోనే మిగతావన్నీ నింపేస్తారు, చివరివాటికి ఓపిక ఉండదు. పోలిస్ కూడా వాక్యాలను ఒక్కొక్కరికి ఒక్కో వరసలో చూపిస్తుంది.

చదవలేనివాళ్లకు చదివి వినిపించేవాళ్లు ముఖ్యం. ఆటో యూనియన్ మనిషి గానీ, ఏ పార్టీ కార్యకర్త గానీ కాకూడదు. వాక్యం రెండుసార్లు, ఒకే గొంతుతో చదవాలి, అర్థం చెప్పకూడదు. ‘అంటే ఏటి?’ అని అడిగితే మూడోసారి అదే వాక్యం నెమ్మదిగా చదవాలి. వివరించడం మొదలుపెడితే చదివేవాడి అభిప్రాయం లోపలికి వచ్చేస్తుంది.

ఎక్కడెక్కడ అడగాలంటే: స్టేషన్ ముందు ఆటోల వరసలో పగలు ఒకసారి, రాత్రి బండ్ల వేళ ఒకసారి, ఆమదాలవలస కొట్ల దగ్గర, శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్సు, డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల జంక్షన్. పగలు మాత్రమే అడిగితే రాత్రి డ్రైవర్లే కనపడరు, తగువంతా వాళ్లదే. హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్లి పండక్కి తిరిగొచ్చేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లను విడిగా అడగండి; గుంపులో నిలబెట్టి అడిగితే ఇంటాయన చెప్పిందే చెబుతారు. కొత్త వాక్యాలు వచ్చాక నాలుగైదు రోజులకు రెండో విడత కాగితం తియ్యాలి, లేకపోతే ఎవరో రాసిన మంచి మాట ఇంకెవరి ముందుకూ రాదు. మొత్తం మూడు నాలుగు వారాలు పడుతుంది. ఫోనులో నడిపేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: కనీసం ఏడు వాక్యాలకు ఓటు వేయనివాళ్లను పోలిస్ గుంపుల లెక్కలో చేర్చదు. రెండు నొక్కి వెళ్లిపోయేవాళ్లు వంద మంది వచ్చినా ఉపయోగం తక్కువ. పోస్టరు మీద మూడు బటన్ల బొమ్మ గీసి, తెర మీద మాటలు ఏ భాషలో కనిపించినా ఏది ఔనో, ఏది కాదో తెలుగులో రాయండి, ‘పది వాక్యాల దాకా నొక్కండి’ అని కూడా రాయండి.

ఈ వారాల్లో పుకార్లు తప్పవు. ‘రాసినవాళ్ల ఆటోలు పట్టుకుంటారంట’ అన్న మాట ఒక్క పూటలో స్టాండంతా తిరుగుతుంది. టాంగ్ పుకారుకు మందు నవ్వే అంటారు. మాస్కుల తయారీ వల్ల టాయిలెట్ పేపరు కరువొస్తుందన్న పుకారు పుట్టినప్పుడు తైవాన్ ప్రధాని ‘అందరికీ ఉన్నది ఒక్క పిర్రే’ అన్న అర్థం వచ్చే బొమ్మ విడుదల చేసి, మాస్కులు, టాయిలెట్ పేపరు వేర్వేరు ముడిసరుకుతో తయారవుతాయని దాని కిందే రాశారు. ఇక్కడ కూడా అదే పూట జవాబివ్వాలి: ఒక బొమ్మ, నాలుగు వరసలు, అదే వాట్సాప్ గ్రూపులో. రెండు రోజులాగి పెద్ద ప్రకటన ఇస్తే పుకారే గెలుస్తుంది.

నాలుగు: లెక్క

ఇది సరిగా చెయ్యకపోతే మిగతా కష్టమంతా వృథా. స్ప్రెడ్‌షీట్లో అడ్డంగా ఒక్కో మనిషి, నిలువుగా ఒక్కో వాక్యం. ఔను అంటే 1, కాదు అంటే -1, చెప్పలేను అంటే 0. ఆ వాక్యం చూడనివాడి గడి ఖాళీగా వదలండి. ఖాళీ వేరు, సున్నా వేరు: ఒకడు ఆలోచించి తేల్చలేకపోయాడు, ఇంకొకడు చూడనే లేదు.

గుంపులను పోలిస్ ఓట్లను బట్టి తనే చేస్తుంది, వృత్తిని బట్టి కాదు. చేత్తో చేసేవాళ్లు, ఒకదానికొకటి బాగా ఎదురుగా ఉన్న రెండు కాగితాలు తీసి బల్ల మీద అటూ ఇటూ పెట్టండి. మిగతా ప్రతి కాగితాన్నీ రెండింటితో పోల్చి, ఎక్కువ జవాబులు కలిసినవైపు వెయ్యండి. డ్రైవర్లలో కొందరు ప్రయాణికుల గుంపులో, కొట్ల వాళ్లలో కొందరు డ్రైవర్ల గుంపులో పడటం చూస్తారు. అది చూపించడమే ఈ పద్ధతి చేసే పెద్ద మేలు.

ఇప్పుడు అసలు కిటుకు. లెక్క చూపడానికి, మొదటి గుంపులో 45 మంది, రెండో గుంపులో 15 మంది ఉన్నారనుకుందాం. ‘సీటుకు ముగ్గురే ఎక్కాలి’ అన్నదానికి మొదటి గుంపులో 43, రెండో గుంపులో 2 ఔను వచ్చాయి. మొత్తం 60లో 45, అంటే 75 శాతం. ‘స్టాండు దగ్గర లైటు, మంచినీళ్ల కుళాయి కావాలి’ అన్నదానికి 33, 13 వచ్చాయి. మొత్తం 46, అంటే దాదాపు 77 శాతం. పైకి చూస్తే రెండూ ఒకేలా గెలిచాయి. పోలిస్ అలా లెక్కించదు. ప్రతి గుంపులో ఔనులకు 1 కలిపి, ఓట్లకు 2 కలిపి భాగిస్తుంది. ఇద్దరిలో ఇద్దరూ ఔనంటే నూటికి నూరు అని పొంగిపోకుండా ఉండడానికి ఆ కలపడం. తర్వాత గుంపుల భాగఫలాలను గుణిస్తుంది. మొదటి వాక్యానికి 44/47, 3/17: గుణిస్తే 0.17. రెండోదానికి 34/47, 14/17: గుణిస్తే 0.60. ఒక గుంపు పూర్తిగా కాదంటే ఎంత పెద్ద మెజారిటీ ఉన్నా గుణకారం కిందికి లాగేస్తుంది. పెద్ద గుంపు చిన్న గుంపును ఓడించే దారి ఇక్కడ మూసుకుపోతుంది. గెలవాలంటే అవతలివాళ్లు కూడా ఔననే వాక్యం రాయాల్సిందే.

ఈ గుణకారంలో పైన నిలిచిన ఐదారు వాక్యాలే మీ ఎజెండా. కింద పడినవి పారేయవద్దు, ‘ఇంకా తేలనివి’ అని విడిగా రాయండి. సీటుకు ముగ్గురన్న మాట భద్రత విషయం, అది జనాభిప్రాయంతో తేలేది కాదు. అమలు చేయాల్సింది అధికారులు. ఏది ఓటుకు పెట్టదగ్గదో, ఏది చట్టానికే వదలాలో ముందే విడదీసుకుంటే ఇంకా మంచిది.

ఐదు: ముఖాముఖి

ఉబర్ విషయంలో తైవాన్ కంపెనీ ప్రతినిధులను, టాక్సీ వాళ్లను, అధికారులను, నిపుణులను ఒక గదిలో కూర్చోబెట్టి, అందరూ చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఎజెండా జనం ఒప్పుకున్న వాక్యాలే. ఉబర్ ఉండాలా పోవాలా అన్న ప్రశ్న కాదు, బీమా ఉండాలి, డ్రైవరుకు తగిన లైసెన్సు ఉండాలి లాంటివి ముందుకొచ్చాయి. 2016లో కొత్త రకం టాక్సీలకు నిబంధనలు వచ్చాయి: పసుపు రంగు వేయక్కర్లేదు, యాప్‌లో పిలవవచ్చు, కానీ టాక్సీకుండాల్సిన బాధ్యతలన్నీ ఉంటాయి.

మీ సమావేశానికి పది పన్నెండు మంది చాలు: డ్రైవర్లు నలుగురు, ప్రయాణికులు నలుగురు, అందులో సగం ఆడవాళ్లు, అధికారులు ఇద్దరు ముగ్గురు. అధికారి రాలేకపోతే వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. టాంగ్ దూరపు ఊళ్లకు వెళ్లినప్పుడు తైపేలోని శాఖల అధికారులను అలాగే తెర మీద కూర్చోబెట్టేవారు, ‘మా శాఖ కాదు’ అన్న మాట అక్కడే ఆగిపోయేది. ప్రతి వాక్యానికి పావుగంట. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఇది రేపే చేయాలంటే అడ్డం ఏమిటి?’ ఛార్జీ బోర్డుకు అడ్డం డబ్బు కాదు, ఎవరి సంతకంతో పెట్టాలన్నదని తెలిసినా ఆ పావుగంట దక్కినట్టే. దండలు, శాలువాలు, వేదిక మీద కుర్చీలు వద్దు. గుండ్రంగా కూర్చోండి.

2017లో తైవాన్ పన్ను దాఖలు సాఫ్ట్‌వేర్ భరించలేనంత ఘోరంగా ఉందని ఒకాయన జాయిన్‌లో కోపంగా రాస్తే, అక్కడివాళ్లు ఆయన్ను తిట్టలేదు, వచ్చి బాగు చేయడానికి సాయపడమని పిలిచారు. ఆయనతోపాటు ఫిర్యాదు చేసిన మిగతావాళ్లూ వచ్చి కూర్చున్నారు, తర్వాతి ఏళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ మారింది. కాబట్టి మీ కాగితాల్లో అన్నిటికన్నా ఘాటుగా రాసినవాళ్లను ముందు పిలవండి. వాళ్లకే ఆ విషయం లోతుగా తెలిసి ఉంటుంది.

ఆరు: మాట్లాడిందంతా రాత

మొదలుపెట్టగానే ‘రికార్డు చేస్తున్నాం, మొత్తం రాసి పెడతాం, మీ మాట మీరు సరిదిద్దుకోవచ్చు’ అని చెప్పి అందరి సమ్మతి తీసుకోండి. టాంగ్ పద్ధతిలో రాతప్రతి ముందు మాట్లాడినవాళ్ల చేతికే వెళుతుంది, పది పని దినాల్లో దిద్దుకునే వీలుంటుంది, ఆ తర్వాత బయటికి. ఈ గడువు వల్లే అధికారులు కూడా భయపడకుండా మాట్లాడతారు. గడువు లేకుండా ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెడితే తర్వాత ఎవరూ నోరు విప్పరు.

రాసేవాళ్లకు ఒక మాట. ఫోనులో వాయిస్ టైపింగ్ మన యాసను పట్టుకోదు. ‘ఏటి సేత్తాం బాబూ, కాళీగా ఎల్లాలి గదా’ అన్నది దానికి అందదు, చేత్తోనే రాయాలి. దాన్ని ‘ఏమి చేస్తాము, ఖాళీగా వెళ్లాలి కదా’ అని సాపు చేయకండి. మాట్లాడినవాడు కాగితం చూసి ఇది నా మాటే అనుకోవాలి. రెండు గంటల మాటలు రాయడానికి ఒక మనిషికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే సమావేశం రెండు గంటలకు మించనివ్వకండి.

రాతప్రతి, పేర్లు లేని ఓట్ల పట్టిక, గుణకారం లెక్క, మూడూ కలిపి మునిసిపాలిటీ నోటీసు బోర్డు మీద, ఆటోస్టాండులో, ఆన్‌లైన్లో పెట్టండి. పట్టిక దాచుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో తైవాన్ మాస్కులు ఏ మందుల షాపులో ఎన్ని ఉన్నాయో సమాచారం తెరిచి పెట్టింది, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దాంతో మ్యాపులు కట్టారు. ప్రతిపక్ష సభ్యురాలు ఒకరు అదే సమాచారం తీసి, మ్యాపు మీద దగ్గరగా కనిపించే షాపు బస్సులో వెళ్లేవాళ్లకు దగ్గర కాదని సభలో చూపించారు. ప్రభుత్వం కాదనలేదు, ముందస్తు బుకింగు పద్ధతి తెచ్చింది. మీ లెక్కలో తప్పుంటే ఎవరో ఒకరు దిద్దాలంటే పట్టిక వాళ్ల చేతిలో ఉండాలి.

తర్వాత మాట ఇచ్చిన అధికారికి రెండు పేజీల ఉత్తరం: పైన అర్జీ నంబరు, ఉమ్మడి వాక్యాలు, ప్రతిదాని ఎదుట ‘ఎవరు చేయాలి, ఎప్పటికి’ అన్న గడి. 60 రోజులు ఆగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ ఉత్తరం మీద ఏ చర్య తీసుకున్నారో అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తులో ‘ఎందుకు చేయలేదు’ అని రాయకండి, చట్టం కారణాలు కాదు, ఆఫీసులో ఉన్న కాగితాలు ఇస్తుంది. ‘ఫలానా తేదీ ఉత్తరం మీద ఫైలులో రాసిన నోట్సు నకళ్లు ఇవ్వండి’ అని రాయండి. వచ్చిన నకళ్లను కూడా ఆటోస్టాండులో, ఛార్జీ బోర్డు రావాల్సిన చోటే అంటించండి.